మారియో, మా అన్న, మెట్ల మీద తాబేలు

మొన్నొక రాత్రి పదకొండు దాటాక, ఇంట్లో అందరూ పడుకున్నాక, ల్యాప్‌టాప్ తెరిచి మారియో ఆడాను. అవును, అదే. ఎర్రటోపీ, మీసాలు, ప్లంబరు. నవ్వకండి. ఇరవై ఎనిమిదేళ్ళొచ్చాయి, ముందువైపు జుట్టు కూడా పలచబడుతోంది, అయినా ఆడాను. ఎమ్యులేటర్ ఒకటి దించుకుని, ఒక్క ఐదు నిమిషాలు చూసి పడుకుందాం అనుకున్నా.

మొదటి పుట్టగొడుగుకే చచ్చాను.

అది చూసినవాళ్ళకి తెలుస్తుంది ఎంత అవమానమో. ఆట మొదలవగానే ఎదురుగా నడుచుకుంటూ వచ్చే ఆ గోధుమరంగు ప్రాణి, దాని మీద ఎగిరి దూకడం తొమ్మిదేళ్ళప్పుడు కళ్ళు మూసుకుని చేసేవాణ్ణి. రెండోసారి దాటాను గానీ గుంటలో పడ్డాను. మూడోసారీ గుంటే. సరే, వేళ్ళు మొద్దుబారిపోయాయి, కీబోర్డు మీద ఆడటం అలవాటు లేదు అని సర్దిచెప్పుకున్నా. కానీ ఇంకేదో తేడాగా ఉంది. పాట తొందరగా పోతోంది. మారియో తరుముతున్నట్టు పరిగెడుతున్నాడు.

కారణం తట్టడానికి అరగంట పట్టింది. ఈ ఆట లెక్కంతా ఫ్రేముల మీద నడుస్తుంది. జపాన్, అమెరికా టీవీల్లో సెకనుకు 60. మన టీవీలు పాల్ పద్ధతి, సెకనుకు 50. మనకు అమ్మిన చైనా డబ్బాలు మన టీవీకి తగ్గట్టు తయారైనవి కాబట్టి వాటిలో ఆట మొత్తం ఆరోవంతు నెమ్మదిగా నడిచేది. పాటతో సహా! అంటే నా చిన్నప్పుడంతా విన్న మారియో పాట, కోజి కోండో కట్టిన వేగంలో లేదన్నమాట. మా ఊరి మారియో కొంచెం నిదానస్తుడు. ఎమ్యులేటర్‌లో పాల్‌కి మార్చగానే మొదటి లెవెలు గడగడా దాటేశాను.

ఊరంటే తుమ్మలపల్లె. పులివెందుల పక్కన, వేముల మండలం. ఈ పేరు మీరు వినుంటే యురేనియం గురించే వినుంటారు. నేనిప్పుడు బెంగళూరు వదిలి ఈ ఊళ్ళో అర్ధరాత్రి పుట్టగొడుగులు తొక్కుకుంటూ ఎందుకున్నానో తర్వాత చెబుతాను.

ఆ డబ్బా మా ఇంటికి 2006లో వచ్చింది. మా నాయన ప్రొద్దుటూరు నుంచి తెచ్చాడు. పెళ్ళి బట్టలకని పోయినవాడు బట్టలతో పాటు ఒక అట్టపెట్టె తెచ్చాడు. పెట్టె మీద కారు రేసులు, కుంగ్‌ఫూ వీరులు, ఏవేవో రంగురంగుల బొమ్మలు. లోపల అవేవీ లేవు. నల్ల డబ్బా, రెండు రిమోట్లు (మేం రిమోట్లనే అనేవాళ్ళం), ఒక తుపాకీ, పసుపు రంగు క్యాసెట్టు. క్యాసెట్టు మీద 9999999 ఆటలని రాసుంది. మా అన్న ఒక రోజంతా కూర్చుని లెక్కపెట్టాడు. తేలినవి పదమూడు. మిగతావన్నీ అవే ఆటలు వేరే పేరుతో, వేరే లెవెలు నుంచి. అయినా మాకేం కోపం రాలేదు. పదమూడంటే తక్కువా?

అన్నంటే సొంత అన్న కాదు, పెద్దనాయన కొడుకు. నాకంటే ఆరేళ్ళు పెద్ద. మా రెండిళ్ళకి మధ్య ఒకటే గోడ. టీవీ వాళ్ళింట్లో, డబ్బా మాది. కాబట్టి ఆట ఎవరిదనేది ఎప్పుడూ తేలలేదు. ఇద్దరాడే పద్ధతి పెడితే అన్న మారియో, నేను లుయీజీ. ఆ ఏర్పాటులో ఉన్న మోసం ఏంటంటే, మారియో చస్తేగానీ లుయీజీకి వంతు రాదు. అన్న చచ్చేవాడు కాదు. నేను రిమోటు పట్టుకుని, బొటనవేలు బటను మీద పెట్టి, అరగంట, ముప్పావుగంట అట్లా కూర్చునేవాణ్ణి. మా జేజి వచ్చి "పాపం ఆ పిల్లోనికి కూడా ఇయ్యిరా" అనేది. "వాని వంతు రాలేదు జేజీ" అనేవాడు. నిజమే కదా మరి, వంతు రాలేదు.

వంతు రాకపోవడం ఒక ఎత్తు, కరెంటు ఒక ఎత్తు. ఈ ఆటలో దాచుకునే ఏర్పాటు లేదు. కరెంటు పోతే మళ్ళీ 1-1. రాయలసీమ పల్లెలో కరెంటు ఎట్లుండేదో నేను చెప్పక్కర్లేదు. దానికి తోడు త్రీఫేజు. మోటర్లకి కరెంటు వచ్చిందంటే అన్న ఉన్నపళంగా లేచి చేనికి పోవాలి, చీనీచెట్లకి నీళ్ళు కట్టాలి. పోయేముందు స్టార్టు బటను నొక్కి ఆట ఆపేవాడు. "ముట్టుకున్నావంటే చంపుతా" అని చెప్పి మరీ పోయేవాడు. టీవీ ఆపేసి, డబ్బా మాత్రం ఆన్‌లో ఉంచి, మూడు నాలుగు గంటలు నేను కాపలా. చెయ్యి పెట్టి చూస్తే అడాప్టరు కుంపటిలా కాలేది. ఒకసారి 8-1 దాకా పోయి ఆపి వెళ్ళాడు. తిరిగి వచ్చి కాళ్ళు కడుక్కుంటుండగా కరెంటు పోయింది. కళ్ళల్లో నీళ్ళు పెట్టుకున్నాడు, పదహారేళ్ళవాడు. నేను నవ్వాను. తన్నాడు.

మేం పెట్టుకున్న పేర్లు చెబుతా, మీవి వేరే ఉంటాయి. ఎదురొచ్చేది పుట్టగొడుగు, తింటే పెద్దయ్యేది మంచి పుట్టగొడుగు. తాబేలు తాబేలే. మబ్బు మీద కూర్చుని ముళ్ళకాయలు విసిరేవాడు మబ్బోడు. కోట చివర నిప్పులూదేది డ్రాగన్. సుత్తులు విసిరే జంట సుత్తులోళ్ళు. డ్రాగన్‌ని చంపాక ఒక పుట్టగొడుగు టోపీవాడు వచ్చి ఇంగ్లీషులో ఏదో చెప్పేవాడు. రాణి ఈ కోటలో లేదు, ఇంకో కోటలో ఉంది అని. మాకు ఆ ముక్క అర్థమయ్యేసరికి నేను ఏడో తరగతి. అప్పటిదాకా ఆయనే రాణి అనుకున్నాం :)

ఇక మెట్ల మీద తాబేలు. ఇది తెలియనివాళ్ళు చాలా పోగొట్టుకున్నారు. 3-1 చివర మెట్లుంటాయి, వాటి మీంచి రెండు తాబేళ్ళు దిగుతాయి. ఒకదాన్ని సరిగ్గా మెట్టు అంచున తొక్కితే దాని డిప్ప మెట్టుకి కొట్టుకుని వెనక్కి వస్తుంది, మారియో మళ్ళీ దాని మీదే పడతాడు, మళ్ళీ కొట్టుకుంటుంది. మనం చెయ్యాల్సిందేం లేదు. కొంచెంసేపట్లో ప్రతి దెబ్బకీ ఒక ప్రాణం. టైము అయిపోయేదాకా అట్లా తన్నుకుంటూనే ఉండొచ్చు. ఈ విద్య మా అన్నకి వేముల హైస్కూల్లో ఎవరో చెప్పారు. నేర్చుకోవడానికి నెల పట్టింది. వచ్చిన రోజు వీధిలో పిల్లలందరినీ పిలిచి చూపించాడు. ప్రాణాలు పదులు దాటాయి, అంకెలు పోయి చిత్రవిచిత్రమైన గుర్తులొచ్చాయి, అందరం ఎగురుతున్నాం. టైము అయిపోయింది, మారియో పడిపోయాడు. అంతే. గేమ్ ఓవర్. అన్ని ప్రాణాలుండగా!

క్యాసెట్టు చెడిపోయిందన్నాడు ఒకడు. దిష్టి తగిలిందంది జేజి, ఎర్రనీళ్ళు కూడా తీసింది. అన్న మాత్రం "ఆశ ఎక్కువైతే ఇట్లే అయితాది" అని తేల్చేశాడు.

అసలు సంగతి నాకు బీటెక్ రెండో సంవత్సరంలో తెలిసింది. సైన్డు పూర్ణాంకాల గురించి మా సారు బోర్డు మీద రాస్తున్నారు. ఒక బైటు, ఎనిమిది బిట్లు, పైదాంట్లో గుర్తు, 127 తర్వాత ఒకటి కలిపితే -128. చివరి బెంచీలో కూర్చున్నవాణ్ణి ఒక్కసారి గట్టిగా "ఓహ్" అన్నాను. సారు ఏంటని అడిగారు. ఏం చెప్పను, తాబేలు సార్ అని చెప్పనా? ప్రాణాల లెక్కకి ఒకే ఒక్క బైటు పెట్టారు. మారియో చచ్చిన ప్రతిసారీ ఒకటి తీసేసి, వచ్చింది ఋణసంఖ్య అయితే ఆట ముగించమని రాశారు. మరీ ఎక్కువ ప్రాణాలు దాచుకున్నవాడు ప్రోగ్రాము దృష్టిలో ప్రాణాల్లేనివాడు. ఆ సాయంత్రం హాస్టల్ నుంచి అన్నకి ఫోన్ చేసి చెప్పాను. సగం విని "మరి జేజి తీసిన ఎర్రనీళ్ళు వేస్టేనా" అన్నాడు.

వాళ్ళని తప్పు పట్టలేం. ఆట మొత్తం 40 కిలోబైట్లు. ప్రోగ్రాముకి 32, బొమ్మలకి 8. పొద్దున్నే వాట్సప్‌లో మామయ్యలు పంపే శుభోదయం గులాబీ ఇంతకంటే పెద్దది. పనిచేసుకోవడానికి మెమరీ రెండంటే రెండు కిలోబైట్లు, ప్రాసెసరు వేగం 1.79 మెగాహెర్ట్జ్. ఇంతలో మియమొతో, తెజుకా మొదలైనవాళ్ళు 32 లెవెళ్ళు కూర్చారు. 1985 సెప్టెంబరు 13న జపాన్‌లో విడుదలైంది. ఇప్పుడు చూస్తుంటే ఎక్కడెక్కడ పొదుపు చేశారో కనపడుతుంది. మబ్బూ పొదా ఒకటే బొమ్మ, రంగే తేడా. 2-3, 7-3 ఒకటే వంతెన. 1-4 కోటలో నిప్పుకర్రలు ఎక్కువ పెడితే అదే 6-4. నేలకీ పైపులకీ ఇటుకలకీ బొమ్మలు దాచలేదు, ఒక్కో వస్తువుకి రెండేసి బైట్లు: ఎక్కడ, ఏది. అంతే. నేను చివరగా పనిచేసిన ప్రాజెక్టులో ఒక లాగిన్ పేజీ కోసం దించిన ప్యాకేజీలు మూడువందల మెగాబైట్లు. పైగా అది నెమ్మదిగా ఉందని రివ్యూల్లో తిట్లు.

ఇంకొకటుంది. ఆటలో తెర వెనక్కి జరగదు. కుడికే. ఒక ఇటుక కొట్టడం మర్చిపోయి నాలుగడుగులు ముందుకేశామా, అది ఎడమ అంచు దాటిపోయిందా, అయిపోయింది. మారియో వెనక్కి నడిచినా కనపడని గోడకి కొట్టుకుని ఆగిపోతాడు. చిన్నప్పుడు ఇది లోపమని కూడా తోచలేదు. ఇప్పుడు వెనక్కి పోబోయి మూడుసార్లు గోడకి గుద్దుకున్నా. ఈ మధ్య ఆటలన్నీ ఎటంటే అటు పోనిస్తాయి కదా, అలవాటు తప్పింది.

మా ఊరి సంగతికొస్తే, 2007లో ప్రాజెక్టుకి శంకుస్థాపన జరిగింది, 2012లో మిల్లు మొదలైంది. మధ్యలో 2011లో ఇక్కడి నిల్వలు 49 వేల టన్నులు తేలాయని, ఇంకా మూడింతలు కూడా ఉండొచ్చని, ప్రపంచంలోనే పెద్దవాటిల్లో ఒకటి కావచ్చని అణుశక్తి శాఖ పెద్దలు చెప్పారు. మా అబ్బ ఆ పేపరు కత్తిరించి దేవుని పటం వెనక పెట్టుకున్నాడు. అప్పటికే మా చీనీతోట ప్రాజెక్టులో పోయింది. పట్టా అబ్బ పేరు మీదుండె. డబ్బు రెండు భాగాలైంది, వచ్చిన ఉద్యోగం ఒకటే. అది అన్నకి. మా అమ్మ మూడు నెలలు పెద్దమ్మతో మాట్లాడలేదు. నాయన భాగానికొచ్చిన డబ్బు నా చదువుకి పోయింది. 2019లో నాకు బెంగళూరులో ఉద్యోగమొచ్చి, జీతమెంతో ఊరంతా తెలిశాక, ఈసారి పెద్దమ్మ మాట్లాడటం మానేసింది. మధ్యలో ఒకటే గోడ అని చెప్పా కదా. రెండువైపులా అన్నీ వినపడతాయి.

ఆ గోడే నన్ను పట్టించింది.

మూడోరోజు పొద్దున అన్న షిఫ్టు దిగొచ్చి, మోటర్‌సైకిల్ దిగకుండానే అడిగాడు. "ఏంరా అబ్బీ, రాత్రంతా లైటు ఎలగతాంటది?"

"ఆఫీసు పనన్నా."

"ఆఫీసు పనికి టుడుంగు టుడుంగుమని చప్పుడెందుకొస్తాదిరా? అది పైపులో దిగే చప్పుడు గదా."

ఇరవై ఏళ్ళ తర్వాత గోడవతల నుంచి విని గుర్తుపట్టాడు. తప్పు నాదే, ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాల్సింది.

ఆ సాయంత్రం వాళ్ళింట్లో అటకెక్కి డబ్బా దించాడు. గోనెసంచిలో చుట్టి, తుపాకీతో సహా భద్రంగా ఉంది. అడాప్టరు మాత్రం చచ్చింది. పులివెందుల నుంచి కొత్తది తెచ్చాడు. క్యాసెట్టుని నోటితో ఊదాం, అది ధర్మం కదా. ఊదితే ఏం కాదు, తీసి మళ్ళీ పెట్టడం వల్లే పనిచేస్తుంది, పైగా ఉమ్మితో పిన్నులు తుప్పు పడతాయి అని నేనొక ఉపన్యాసమిచ్చా. "మరి నువ్వు ఊదకు" అన్నాడు. రెండుసార్లు తెల్లతెర, మూడోసారికి పాట. మా ఊరి వేగంలో, నిదానంగా. వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి, అబద్ధమెందుకు.

తుపాకీ పనిచెయ్యలేదు. అది పాత డబ్బా టీవీలతోనే పనిచేస్తుంది, ఇప్పటి ఎల్‌ఈడీ తెర మీద వెలుగు వచ్చే తీరు వేరు. అన్న కొంచెం నొచ్చుకున్నాడు. బటను నొక్కాక మారియో ఎగరడంలో కూడా రవ్వంత ఆలస్యముంది, అదీ కొత్త టీవీ మహిమే. పది నిమిషాల్లో చేతులు సర్దుకున్నాయి.

1-2 వచ్చింది. భూమి కింద లెవెలు, నీలం ఇటుకలు, ఆ గుసగుసలాడే పాట. నేనడిగా, "మీ గని లోపల ఇట్లే ఉంటాదా?"

"బావిలాగా నిట్టనిలువునా దిగేది కాదురా. వాలుగా పోతాం. రాయి పొర పదిహేను డిగ్రీల వాలులో ఉండాది, దాని ఎంబడే సొరంగాలు. మధ్యదాంట్లో బెల్టు, దాని మీదనే ముడిరాయి పైకొస్తాది." చెబుతూనే రెండు పుట్టగొడుగులు తొక్కాడు. "నాణేలు మాత్రం ఉండవు. నెలాఖరుకి అన్నీ ఒక్కసారే వస్తాయిలే."

నెలాఖరు మాట వచ్చేసరికి నేను తెరవైపు చూస్తూ ఊరుకున్నా. ఊరుకోవడమే తెలిసిపోయిందనుకుంటా.

పైకప్పు మీంచి నడిచి నాలుగో లోకం పైపులో దిగాడు. 4-3లో పడిపోయాడు, ఆఖరి ప్రాణం. గేమ్ ఓవర్. "పోనీలే, మళ్ళా మొదట్నుంచి" అని రిమోటు నాకిచ్చాడు. నేను ఏ బటను అదిమిపెట్టి స్టార్టు నొక్కాను. 4-1.

అన్న తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఏం చేసినావురా?"

చెప్పాను. గేమ్ ఓవర్ అయ్యాక పేరు తెర మీద ఏ పట్టుకుని స్టార్టు నొక్కితే, చచ్చిన లోకం మొదటి లెవెలు నుంచే మొదలవుతుంది. కరెంటు పోకుండా ఉంటే చాలు. ఆటలో మొదట్నుంచీ ఉన్నదే. నాకు కూడా నాలుగు రోజుల కిందటే తెలిసింది.

"మొదట్నుంచీ ఉన్నిందా? అప్పుడు కూడా?"

"అప్పుడు కూడా."

చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఎన్ని సెలవులు 1-1 నుంచి మొదలుపెట్టామో లెక్కేసుకుంటున్నాడేమో. తర్వాత టీవీ సౌండు పూర్తిగా తగ్గించి, గోడ వైపు ఒకసారి చూసి, చిన్నగా అడిగాడు. "ఉద్యోగం పోయింది గదా?"

పోయింది. ఐదు వారాల కిందట. పదకొండు నిమిషాల వీడియో కాల్, మొహం తెలియని ఆవిడ ఒకరు కాగితం చూసి చదివారు, సాయంత్రానికి ఆఫీసు ల్యాప్‌టాప్ తెరుచుకోలేదు. ఇంట్లో వర్క్ ఫ్రమ్ హోమ్ అని చెప్పి వచ్చేశాను. పొద్దున తొమ్మిదికి తలుపేసుకుని, ఇంటర్వ్యూలకి చదువుతూ, మధ్యమధ్య ఎవరూ లేని మీటింగులో మాట్లాడుతున్నట్టు నటిస్తూ. మా అమ్మ గది బయట మిక్సీ వెయ్యడం మానేసింది, కాల్‌లో ఉన్నానని. రోటిలో నూరుతోంది. ఆ రోకలి చప్పుడు వింటూ కూర్చోవడం ఎట్లుంటుందో ఈ పరిశ్రమలో ఉన్న మీకు వివరంగా చెప్పక్కర్లేదు.

"చిన్నాయనకి చెప్పినావా?"

"లేదు."

"చెప్పు. నేను చెబితే బాగుండదు." అని సౌండు మళ్ళీ పెంచాడు. "ఈఎంఐలు ఏమన్నా ఉంటే నాకు చెప్పు, ఆయనకి కాదు." నా వైపు చూడలేదు, 4-1లో మబ్బోడు వచ్చాడు మరి.

మర్నాడు పొద్దున అరుగు మీద నాయన పక్కన కూర్చుని చెప్పేశాను. పెద్ద ప్రసంగం తయారు చేసుకున్నా గానీ రెండు వాక్యాల్లో అయిపోయింది. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "రాత్రి గోడవతల మీరిద్దరూ నవ్వుకుంటాంటే అనుకున్నా" అన్నాడు. కాసేపాగి, "ఆ డబ్బా ఇంకా పనిచేస్తాందా? మూడువందల యాభై పెట్టినా దానికి" అన్నాడు.

అమ్మ ఆ రోజే మిక్సీ బయటికి తీసింది. నన్ను తిట్టింది కూడా, రోకలి పోట్లకి చెయ్యి నొప్పి పుట్టిందని.

ఇప్పటికి రెండు ఇంటర్వ్యూలయ్యాయి, ఒకటి పోయింది, ఇంకోదానికి మంగళవారం మూడో రౌండు. అన్నకి ఈ వారం రాత్రి షిఫ్టు కాబట్టి మధ్యాహ్నాలు ఆడుతున్నాం. ఇద్దరాడే పద్ధతే. నేనే మారియో, పట్టుబట్టి తీసుకున్నా. 8-3 దగ్గర ఆగిపోయాం. అక్కడ సుత్తులోళ్ళు జంటలు జంటలుగా నిలబడతారు, కిందనుంచి దూరదామంటే సుత్తి, పైనుంచి దూకుదామంటే ఇంకో సుత్తి. నిప్పుపువ్వు ఉంటే తేలికే గానీ అక్కడిదాకా అది నిలబడటం లేదు. చిన్న మారియోతో దాన్ని దాటినవాళ్ళు మీలో ఎవరన్నా ఉంటే ఎట్లా దాటారో చెప్పండి. మా అన్నైతే కళ్ళు మూసుకుని పరిగెత్తమంటున్నాడు.